శ్రీ దామోదరం సంజీవయ్యగారు – వృద్ధాప్య పింఛను

కర్నూలు జిల్లా పెద్దపాడు గ్రామమున 1921 ఫిబ్రవరి 14వ తేదీన శ్రీ దామోదరం సంజీవయ్యగారు జన్మించిరి. వారిది సొంత భూమి లేని దళిత కుటుంబము. మగ్గము నేసియు, కూలికి పోయియు ఇంటివారు కాలము గడపెడివారు. పసితనముననే తండ్రి గతించెను. అనంతపురము దత్తమండల కళాశాలలో పట్టము పొంది, మదరాసులో న్యాయశాస్త్రము చదివి, 1952లో రాజాజీ మంత్రివర్గమున చేరిరి. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిరి. అప్పటికి వారికి నలుబది యేండ్లు నిండలేదు. భారతదేశమున ఆ పదవి నధిష్ఠించిన తొలి దళితులు వారే.

వారి పాలనలోనే రాష్ట్రమున వృద్ధాప్య పింఛను మొదలయ్యెను. దాని విలువ తెలియవలెనన్న మన మెట్టసీమను చూడవలెను. కర్నూలు-కడప కాలువ క్రింది పొలములలో నీరున్నంత కాలము పని యుండును. తక్కిన ఊళ్లలో వాన కురిసిననే పని. పంట పోయిన యేట ఆదోని ప్రాంతపు కూలీలు సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతకు పోవుదురు. సత్తువ ఉడిగిన ముసలివారు ఇండ్ల వద్ద మిగిలిపోవుదురు. కర్మాగారపు కార్మికునకు 1948 నాటి బీమా చట్టమును, 1952 నాటి భవిష్యనిధి చట్టమును ఉండెను. యజమాని కొంత, కార్మికుడు కొంత చెల్లించెడివారు. నేడొకరి చేనిలో, రేపు వేరొకరి చేనిలో కలుపు తీయు కూలికి యజమాని ఎవరు? ఆ వాటా నిచ్చువారు లేకుండుటచే ప్రభుత్వమే ఆ స్థానమున నిలువవలసి వచ్చెను.

ఆనకట్టకు పెట్టు ఖర్చు ఒకనాటితో తీరును. పింఛను అట్లు కాదు, ఏటేటను పన్నుల సొమ్ము నుండియే రావలెను. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 4,000 రూపాయలయ్యెను. వితంతువులు, వికలాంగులు మున్నగువారిని కలుపుకొని పింఛనుదారులు దాదాపు 65 లక్షలు. నెలకు రెండున్నర వేల కోట్లకు మించిన వ్యయము. కోశాగారమునకు ఇది బరువే. పింఛను లేని నాడు ఈ బరువు మోసినవారు మాత్రము కూలి చేసుకొను కొడుకులును కోడండ్రును.

1962 మార్చిలో ముఖ్యమంత్రి పదవి వదలి, కాంగ్రెసు అధ్యక్షులై, 1964లో వారు కేంద్ర కార్మికమంత్రి అయిరి. 1965 నాటి బోనసు చట్టము వారి హయాములోనిదే. లాభము వచ్చినను రాకున్నను సంస్థ తన కార్మికులకు జీతముపై నూటికి 4 వంతులు ఇచ్చితీరవలెనని అందలి నియమము. ఈ భారము కోశాగారముపై గాక సంస్థలపై పడెను. యజమానులు సుప్రీంకోర్టు కెక్కిరి. 1966లో చట్టములోని కొన్ని విధులు కొట్టివేయబడినను ఈ నియమము నిలిచెను. పొలము కూలికి మాత్రము ఈ చట్టము అందలేదు.

1972 మే నెలలో, 51వ యేట, శ్రీ సంజీవయ్యగారు కీర్తిశేషులైరి. ఆ యేడే కనీస బోనసు నూటికి 8.33 వంతులకు పెరిగెను. హంద్రీనదిపై గల గాజులదిన్నె జలాశయమునకు వారి పేరిట సంజీవయ్య సాగరమని నామకరణము చేసిరి.