అనుసృజనశిల్పి చక్రపాణి

పాఠ్యభాగ ఉద్దేశం

పరభాషా రచనలను స్వభాషలోనికి తెచ్చుకోవడం తెలుగువారికి అనాదిగా ఉన్న అలవాటు. కరుణరసం భాషల ఎల్లలను సులభంగా దాటుతుంది. హాస్యం అలా దాటదు. అది ఒక జాతి ఆచారాలతో, బంధుత్వాలతో, పలుకుబడితో పెనవేసుకొని ఉంటుంది. అటువంటి హాస్యాన్ని, దానితోపాటు సంగీతాన్ని, ఒక నేల నుండి మరొక నేలకు తరలించడంలో కృతకృత్యుడైన చక్రపాణి జీవితాన్ని పరిచయం చేయడం, అనువాదానికీ అనుసృజనకూ గల భేదాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగు సాహిత్యం తొలినాళ్ల నుండి ఇతర భాషల రచనలను తనవిగా చేసుకొంటూ ఎదిగింది. పదకొండవ శతాబ్దంలో నన్నయ సంస్కృత మహాభారతాన్ని తెనిగించేటప్పుడు మూలాన్ని మక్కికి మక్కిగా అనుసరించలేదు. కథాగమనాన్ని బట్టి కుదించవలసినచోట కుదించి, పెంచవలసినచోట పెంచి, దానిని తెలుగు కావ్యంగా నిలిపాడు. శ్రీహర్షుని నైషధాన్ని శ్రీనాథుడు ‘శృంగార నైషధం’గా తీర్చిదిద్దాడు. పందొమ్మిదవ శతాబ్దంలో కందుకూరి వీరేశలింగం షేక్‌స్పియర్ రచించిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆధారంగా ‘చమత్కార రత్నావళి’ నాటకాన్ని వెలయించారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సంప్రదాయం చలనచిత్రరంగానికి విస్తరించింది. అక్కడ దానికి గౌరవస్థానం కల్పించినవారిలో చక్రపాణి అగ్రగణ్యులు.

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఆయన 1908 ఆగస్టు 5వ తేదీన గుంటూరు జిల్లా తెనాలి పట్టణంలోని ఐతానగర్‌లో జన్మించారు. అది జాతీయోద్యమం ఊరూరా వ్యాపిస్తున్న కాలం. ఆ ఉద్యమంతోపాటు హిందీ ప్రచారం కూడా సాగింది. సుబ్బారావు ఉత్సాహంతో హిందీ అభ్యసించి ఆ భాషలో మంచి ప్రావీణ్యం సంపాదించారు. హిందీ నేర్పిన గురువు పెట్టిన చక్రపాణి అనే కలం పేరే కాలక్రమంలో ఆయనకు అసలు పేరైంది.

యౌవనంలోనే ఆయన క్షయవ్యాధి పాలైనారు. ఆ రోజులలో క్షయ సోకిందంటే బ్రతుకుమీద ఆశ వదులుకోవలసినదే. ఆ వ్యాధిని అదుపుచేసిన స్ట్రెప్టోమైసిన్ అనే ఔషధం 1943 వరకు వెలుగు చూడలేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం మాత్రమే అప్పటి ప్రధాన చికిత్సలు. 1932 ప్రాంతంలో చక్రపాణి మదనపల్లె సమీపంలోని క్షయ చికిత్సాలయంలో చేరారు. మంచం పట్టిన మనిషికి కాలం గడవడమే పెద్ద శిక్ష. ఆ కాలాన్ని చక్రపాణి వృథాగా పోనీయలేదు. అక్కడే చికిత్స పొందుతున్న ఒక తోటి రోగివద్ద వంగభాష నేర్చుకొన్నారు. ప్రాణభయం నీడలో నేర్చిన ఆ భాషే తరువాతి జీవితానికి దారి చూపింది.

ఆరోగ్యం కుదుటపడి తెనాలి చేరిన తరువాత చక్రపాణి శరత్‌చంద్ర చటోపాధ్యాయ నవలలను తెలుగులోనికి అనువదించసాగారు. శరత్ పాత్రలు తెలుగు ఇళ్లలో తిరుగాడే మనుషులవలె మాట్లాడేవి. ఆయన తెలుగు రచయితయేనని భ్రమపడిన పాఠకులు కూడా ఉన్నారంటే ఆ అనువాదాల సహజత్వం ఎంతటిదో ఊహించవచ్చు. వాక్యానికి వాక్యం పెట్టుకొంటూ పోతే భాష మారుతుందే గాని మనిషి మారడు. చదివేవాని ఇంటి మాట అనువాదంలో వినిపించాలి. ఈ రహస్యాన్ని చక్రపాణి ఆనాడే గ్రహించారు. కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి ఆయన ‘యువ’ ప్రచురణలను నెలకొల్పడం ఈ సాహిత్యాభిరుచి ఫలితమే.

1941లో పి. పుల్లయ్య దర్శకత్వం వహించిన ‘ధర్మపత్ని’ చిత్రానికి సంభాషణలు రాయడంతో ఆయన సినీ జీవితం ఆరంభమైంది. పిమ్మట మద్రాసు చేరి బి.ఎన్. రెడ్డి నిర్మించిన ‘స్వర్గసీమ’ (1945)కు రచన చేశారు. ఆ పరిచయం ఆయనను బి.ఎన్. రెడ్డి సోదరుడు బి. నాగిరెడ్డికి చేరువ చేసింది. నాగిరెడ్డిది కార్యనిర్వహణ దక్షత, చక్రపాణిది కథాపరిజ్ఞానం. ఇద్దరూ కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను వెలువరించారు. ఆబాలగోపాలాన్ని అలరించిన ఆ పత్రిక అనేక భారతీయ భాషలలో వెలువడింది. అనంతరం వారు విజయా సంస్థను స్థాపించి 1950లో ‘షావుకారు’, 1951లో ‘పాతాళభైరవి’, 1952లో ‘పెళ్లి చేసి చూడు’ చిత్రాలను నిర్మించారు. అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. 1954లో వచ్చిన ‘చంద్రహారం’ పరాజయం పాలైంది. అయినప్పటికీ మరుసటి సంవత్సరమే ఆ సంస్థ ఒక అజరామరమైన హాస్యచిత్రాన్ని అందించింది.

ఆ చిత్రాన్ని గురించి తెలుసుకొనే ముందు హాస్యచిత్రాల పునర్నిర్మాణంలోని కష్టాన్ని కొంత గ్రహించాలి. ఈ కష్టం తెలుగువారికి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని హాలీవుడ్ అప్పటికి సంగీతప్రధానమైన హాస్యచిత్రాలకు పుట్టినిల్లుగా పేరుపొందింది. వాటిలో కొన్ని పాత కథలకు కొత్త రూపాలే. హంగరీ నాటకం ఆధారంగా 1940లో ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ అనే చిత్రం వచ్చింది. ఒకే అంగడిలో పనిచేస్తూ ఎప్పుడూ కీచులాడుకొనే యువతీయువకులు, తమకు తెలియకుండానే ఉత్తరాల ద్వారా ఒకరినొకరు ప్రేమించుకోవడం అందులోని కథ. బుడాపెస్ట్ నగరంలో జరిగిన ఆ కథను 1949లో ‘ఇన్ ది గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్’ అనే సంగీతచిత్రంగా మలచినప్పుడు నిర్మాతలు దానిని షికాగో నగరంలోని ఒక సంగీత వాద్యాల అంగడికి తరలించారు. అంగడి మారింది కనుక కథలో పాటలకు సహజంగా చోటు దొరికింది. అదేవిధంగా 1940 నాటి ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ 1956లో ‘హై సొసైటీ’గా మారినప్పుడు కథాస్థలం సముద్రతీరంలోని న్యూపోర్ట్ పట్టణానికి మారింది, జాజ్ సంగీతం అందులో ప్రవేశించింది. కథ ఊరు మార్చుకొన్నప్పుడు ఆ ఊరి గాలి కూడా పీల్చుకోవాలి. లేకపోతే పాటలు అతికించినట్లుంటాయి, నవ్వు ఎరువు తెచ్చుకొన్నట్లుంటుంది.

ఈ సూత్రాన్ని చక్రపాణి ‘మిస్సమ్మ’లో ఆచరించి చూపారు. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్‌మొయీ గర్ల్స్ స్కూల్’ అనే వంగ హాస్యనాటకం ఆ చిత్రానికి ఆధారం. ఉద్యోగం కోసం ఇద్దరు అపరిచితులు భార్యాభర్తలమని బొంకడం అందులోని కీలకం. చక్రపాణి ఈ బీజాన్ని మాత్రం స్వీకరించి తెలుగునాట నాటారు. చదువుకొని కూడా కొలువు దొరకని పట్టభద్రుల అవస్థ, అప్పాపురం అనే పల్లెలో జమీందారు నడిపే పాఠశాల, దంపతులైన ఉపాధ్యాయులే కావాలన్న ప్రకటన, క్రైస్తవ యువతియైన మేరీ హైందవ గృహిణిగా నటించవలసి రావడం, తప్పిపోయిన కుమార్తెను తలచుకొంటూ ఆమెపై మమకారం పెంచుకొనే జమీందారు దంపతులు, ఇవన్నీ తెలుగు కుటుంబ జీవితంలో ఇమిడిపోయాయి. ఎవరినీ నొప్పించకుండా రెండు మతాల ఆచారాల మధ్య నుండి నవ్వును పుట్టించడం సామాన్యమైన పని కాదు. పింగళి నాగేంద్రరావు గీతాలు, సాలూరు రాజేశ్వరరావు సంగీతం ఆ కథకు ఊపిరైనాయి. ఇందులోని పాటలు కథను ఆపవు. అలుక, కలహం, అనురాగం వాటి ద్వారానే ముందుకు సాగుతాయి.

ఈ చిత్ర నిర్మాణం సాఫీగా సాగలేదు. మొదట మేరీ పాత్రకు భానుమతి ఎంపికై కొంత చిత్రీకరణ కూడా జరిగింది. ఆమెకూ చక్రపాణికీ మధ్య తలెత్తిన అభిప్రాయభేదం వల్ల ఆమె చిత్రం నుండి వైదొలగవలసి వచ్చింది. అంతవరకు తీసిన భాగం నిరుపయోగమైంది. భానుమతి అప్పటికే సుప్రసిద్ధ నటీమణి. రెండవ నాయికగా నిర్ణయించిన సావిత్రికి మేరీ పాత్ర లభించగా, సావిత్రి ధరించవలసిన పాత్ర జమునకు దక్కింది. పట్టుదల నష్టాన్ని తెచ్చిన మాట నిజమే. కాని ఆ మార్పు ఒక మహానటి ఉన్నతికి తొలిమెట్లలో ఒకటైంది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ఆ చిత్రం 1955 జనవరిలో విడుదలై ఘనవిజయం సాధించింది.

ఆ కథ అక్కడ ఆగలేదు. అదే సమయంలో తమిళంలో ‘మిస్సియమ్మ’గాను, 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గాను రూపొందింది. ఒక చిన్న ఉదాహరణ చూడండి. తెలుగులో అపరాధ పరిశోధకుడినని మురిసిపోయే యువకుని పాత్రను కథానాయకుడైన అక్కినేని నాగేశ్వరరావు ధరించారు. తమిళంలో దానిని హాస్యనటుడు తంగవేలు, హిందీలో గాయకుడైన కిశోర్ కుమార్ పోషించారు. పాత్ర ఒకటే అయినా ఆయా ప్రేక్షకులకు ఎవరి ముఖంలో నవ్వు కనిపిస్తుందో గుర్తించి నటులను మార్చారు.

చక్రపాణి అనుసృజన శక్తికి రెండవ నిదర్శనం 1962 జూన్‌లో విడుదలైన ‘గుండమ్మ కథ’. దీనికి మూలం బి. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’. గుండమ్మ అన్న పేరు కన్నడదేశానిదే. తెలుగువారికి అంతగా పరిచయం లేని ఆ పేరును చక్రపాణి అలాగే ఉంచి, మనిషిని మాత్రం అచ్చమైన తెలుగు గయ్యాళిగా మార్చారు. డి.వి. నరసరాజు మొదట రాసిన రూపాన్ని ఆయన సమూలంగా మార్పించారు. పొగరుబోతు కన్యను దారికి తెచ్చే షేక్‌స్పియర్ నాటకం ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ ఛాయలు సరోజ పాత్రలో కనిపిస్తాయి. ఆ నాటకాన్నే హాలీవుడ్ 1953లో ‘కిస్ మీ కేట్’ అనే సంగీతచిత్రంగా మలచింది. అక్కడ ఆ కలహం నాటకరంగపు తెర వెనుక నటీనటుల మధ్య జరిగితే, ఇక్కడ తెలుగువారి వంటింట్లో, రుబ్బురోలు దగ్గర జరిగింది. పనివాని వేషంలో వచ్చిన సంపన్నుని కుమారుడు పిండి రుబ్బుతూ పాడితే, సవతితల్లి ఆరళ్లు పడుతున్న లక్ష్మి బ్రతుకులో వెలుగు ప్రవేశిస్తుంది.

ఈ చిత్రంలో గుండమ్మ చేత ఘోరమైన పనులేవీ చేయించలేదు. సూర్యకాంతం తెరపై నిలిచితే చాలు, ఆమె గయ్యాళితనాన్ని ప్రేక్షకుడు తనంతట తానే నమ్ముతాడన్నది చక్రపాణి విశ్వాసం. ఆ విశ్వాసం వమ్ము కాలేదు. ఎన్.టి. రామారావు, అక్కినేని, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు వంటి మహానటులు ఉన్నప్పటికీ చిత్రానికి గుండమ్మ పేరే పెట్టడంలోని ఔచిత్యం ఇదే.

ఇంతటి అనుభవజ్ఞునికి సైతం అనుసృజన ఒకసారి చేదు ఫలాన్ని ఇచ్చింది. అదే కథను ఆయన 1962లోనే తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’ పేరుతో స్వయంగా దర్శకత్వం వహించి నిర్మించారు. కథ అదే, సావిత్రి, జమున, అక్కినేని వారే. సూర్యకాంతం స్థానంలో తమిళ నటి సుందరీబాయి నటించారు. ఆమె సమర్థురాలే. అయినా చిత్రం విజయం పొందలేదు. సూర్యకాంతాన్ని చూడగానే తెలుగు ప్రేక్షకునికి కలిగే భయం, నవ్వు అనేక చిత్రాల పరిచయం వల్ల ఏర్పడినవి. ఆ పరిచయం మూటగట్టి మరొక భాషకు పంపగలిగేది కాదు. ఆ తరువాతి తరంవారు ‘గుండమ్మ కథ’ను తెలుగులోనే మళ్లీ నిర్మించాలని తలచినా, ఆమెకు సాటి వచ్చే నటి దొరకదన్న ప్రశ్న దగ్గరే ఆలోచన ఆగిపోవడానికి కారణం ఇదే.

అపజయంతో చక్రపాణి వెనుకంజ వేయలేదు. తెలుగు ‘రాముడు భీముడు’ (1964) కథను నాగిరెడ్డితో కలిసి 1967లో హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’గా నిర్మించినప్పుడు తాపీ చాణక్య దర్శకత్వంలో దిలీప్ కుమార్ ద్విపాత్రాభినయం చేశారు. ఆ చిత్రం ఉత్తరదేశమంతటా ఆదరణ పొందింది. వంగదేశం నుండి కథను దక్షిణానికి తెచ్చిన వ్యక్తియే తెలుగు కథను ఉత్తరానికి చేర్చడం గమనార్హం.

1975 సెప్టెంబరు 24న చక్రపాణి పరమపదించారు. యౌవనంలో మృత్యువును సమీపం నుండి చూసిన ఆయన, జీవితాంతం ప్రజలకు నవ్వును పంచిపెట్టడానికే తమ మేధను వినియోగించారు. మూలకథలో దేనిని వదలాలో, దేనిని నిలుపుకోవాలో, కొత్త నేలలో దేనిని చేర్చాలో తెలిసిన వివేకం ఆయన సొత్తు. నన్నయ నాటి నుండి తెలుగువారికి సంక్రమించిన ఆ వివేకానికి ఆయన చలనచిత్రాలలో కొత్త రూపమిచ్చారు. పరభాషా కథను చేపట్టే ప్రతి రచయితా ‘మిస్సమ్మ’ విజయంతోపాటు ‘మనిదన్ మారవిల్లై’ పరాజయాన్ని కూడా అధ్యయనం చేయడం అవసరం.

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హాస్యచిత్రాల పునర్నిర్మాణంలోని కష్టాన్ని పాఠం ఆధారంగా సోదాహరణంగా వివరించండి.
2. ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ చిత్రాలలో చక్రపాణి అనుసృజన శిల్పాన్ని సమీక్షించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చక్రపాణి వంగభాష నేర్చుకొన్న సందర్భాన్ని తెలుపండి.
2. ‘మనిదన్ మారవిల్లై’ పరాజయానికి కారణమేమి?

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. చక్రపాణి అసలు పేరు ఏమిటి?
2. ‘చందమామ’ ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
3. ‘మిస్సమ్మ’ చిత్రానికి ఆధారమైన వంగ నాటకం ఏది?