భారత కోకిల సరోజినీ నాయుడు



వేసవి సెలవుల్లో మా ఇంట్లో నాకు సంబంధం చూశారు. చదువయ్యాకే పెళ్ళి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఏడ్చాను. అందుకే ఈసారి నేను సరోజినీ నాయుడు గారి గురించి రాస్తున్నాను.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు. అమ్మానాన్నలు బెంగాలీలు. ఆమె పన్నెండేళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. నిజాం స్కాలర్‌షిప్పుతో 1895లో ఇంగ్లండు వెళ్ళారు. డాక్టరు గోవిందరాజులు నాయుడు గారు ఆమెకు అంతకుముందే తెలుసు. అయినా చదువుకుని తిరిగొచ్చాకే, 1898లో, కులం చూడకుండా ఆయన్ని పెళ్ళాడారు. అలా మన తెలుగింటి కోడలయ్యారు.

1905లో మొదటి ఇంగ్లీషు కవితల పుస్తకం వచ్చింది. మంచి పేరొచ్చింది. కానీ ఆమె కవిత్వంతో ఆగిపోలేదు. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యారు. భారతీయ స్త్రీలలో ఆ పదవి మొదట ఆమెకే దక్కింది. 1930లో గాంధీగారిని అరెస్టు చేశాక ధరాసనలో ఉప్పు సత్యాగ్రహాన్ని నడిపించారు. అక్కడ లాఠీలతో తలలు పగిలినా సత్యాగ్రహులు తిరిగి చెయ్యెత్తలేదు. ఆమె జైలుకెళ్ళారు. 1942లో మళ్ళీ జైలు. 1947లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరయ్యారు. దేశంలో మొదటి మహిళా గవర్నరు ఆమే. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

ఆమెకు కాలేజీ నడిపిన నాన్న ఉన్నారు. మా నాన్న పోడు కొట్టుకుని బతుకుతున్నాడు. అయినా సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఈ కథంతా నాన్నకు చెప్తాను. ఈసారి ఏడవను.