ఉత్తరాల్లో లెక్కలు నేర్చుకున్న అడా

దూరవిద్యలో కంప్యూటర్ డిగ్రీ అంటే పెదవి విరిచేవాళ్లు అడా లవ్‌లేస్ గురించి తెలుసుకోవాలి. కవి బైరన్ కూతురైన ఆమె 1815లో లండన్‌లో పుట్టారు. అప్పట్లో ఇంగ్లండ్ యూనివర్సిటీలు ఆడవాళ్లకు డిగ్రీలు ఇచ్చేవి కావు. 17 ఏళ్లప్పుడు చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రాన్ని చూసి, దాని వెనకున్న గణితం మీద మనసు పెట్టారు.

1835లో పెళ్లయింది. 1839కల్లా ముగ్గురు పిల్లలు. అయినా 1840లో మళ్లీ చదువు మొదలుపెట్టారు. గురువు అగస్టస్ డి మోర్గాన్, మన మదురైలో పుట్టి లండన్‌లో ప్రొఫెసరైన ఆయన. పాఠాలు చాలావరకు ఉత్తరాల్లోనే. ఆమె లెక్క చేసి, ఎక్కడ ఆగిపోయారో రాసి పంపితే ఆయన సరిదిద్ది జవాబిచ్చేవారు. కాలిక్యులస్ అలా వంటబట్టింది.

1843లో బాబేజ్ అనలిటికల్ ఇంజిన్ గురించిన ఫ్రెంచ్ వ్యాసాన్ని అనువదించి, దానికి దాదాపు మూడు రెట్లు నోట్స్ జతచేశారు. బెర్నౌలీ సంఖ్యలను యంత్రం ఏయే స్టెప్పుల్లో లెక్కగట్టాలో అందులో పట్టిక వేశారు. తొలి కంప్యూటర్ ప్రోగ్రామ్ అదేనని చాలామంది అంటారు. ఆ ఇంజిన్ మాత్రం పూర్తవలేదు. 1852లో, 36 ఏళ్లకే క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు.

డి మోర్గాన్‌కు ఆమె రాసిన ఉత్తరాల్లో ఎక్కడ చూసినా అర్థం కాని చోట్ల గురించిన ప్రశ్నలే. ఈసారి కాంటాక్ట్ క్లాసుకు మీరూ అలాంటి చిట్టా ఒకటి పట్టుకెళ్లండి.