ఖైదీల ఓడలో కుట్టిన బొంత
(ఎలిజబెత్ ఫ్రై జీవితము)



అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చదువునప్పుడెల్ల, చనిపోయిన తబితాను పరుండబెట్టిన మేడగదిలో విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపిన వస్త్రములు మన కన్నులకు కట్టును. తబితా తన చేతులతో కుట్టి బీదలకిచ్చెను. ఈ నెల మేము చెప్పబోవు స్త్రీ సూదియు దారమును గుడ్డ ముక్కలును ఇచ్చెను. అదియు ఎవరికనగా, సూది చేతికిచ్చుటకు లోకము భయపడినవారికి.

ఎలిజబెత్ 1780లో ఇంగ్లాండులోని నార్విచ్ పట్టణమున గర్నీ అను ధనవంతుల ఇంట పుట్టెను. పండ్రెండేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. ఆ కుటుంబమువారు క్వేకరులు. వారికి మనవలె బాప్తిస్మ సంస్కారము లేదు, పాదిరులును లేరు. మౌనముగా కూడి దేవుని ఎదుట కనిపెట్టుదురు. 1798లో అమెరికా నుండి వచ్చిన విలియమ్ సేవరీ అను బోధకుని మాటలు విని ఆమె హృదయము మారెను. 1800లో జోసెఫ్ ఫ్రైని వివాహమాడి లండను చేరెను. వారికి పదకొండుమంది బిడ్డలు.

1813లో ఆమె మొదటిసారి న్యూగేటు చెరసాలలో స్త్రీలుండు భాగమునకు వెళ్లెను. అచ్చట సుమారు మూడు వందలమంది స్త్రీలు బిడ్డలతో కూడ కిక్కిరిసి యుండిరి. వంట అక్కడనే, పడక అక్కడనే. వట్టి నేలమీద పండుకొనెడివారు. ఆ దినమున ఆమె పసిబిడ్డలకు బట్టలు పంచి వచ్చెను. పిమ్మట మూడేండ్లకు పైగా ఇంటి భారము ఆమెను కట్టివేసెను. 1815లో ఒక చిన్న కుమార్తె చనిపోయెను. బిడ్డను పాతిపెట్టిన తల్లి 1816 చివర మరల ఆ చెరసాల తలుపు తట్టెను. ఈసారి ఆ తల్లులతో వారి బిడ్డలనుగూర్చియే మొదట మాటలాడెను.

1817లో చెరసాలలోనే బడి తెరవబడెను. ఉపాధ్యాయిని బయటనుండి రాలేదు. ఖైదీలలో ఒకతెనే వారు ఎన్నుకొనిరి. తరువాత పెద్దవారికి పని కావలసివచ్చెను. అధికారులు నవ్విరి. గుడ్డ ఇచ్చిన దొంగిలింతురనియు, ఈ ప్రయత్నము నిలువదనియు వారి తలంపు. ఎలిజబెత్ ఖైదీలనందరిని కూర్చి, నియమములను ఒక్కొక్కటిగా చదివించి, ప్రతిదానికి వారి సమ్మతి అడిగెను. వారు చేతులెత్తిరి. అప్పటివరకు ఎవరును వారి సమ్మతి అడిగియుండరని మేము తలంచుచున్నాము. పది నెలలలో వారు కుట్టినవి దాదాపు 20,000. ఇవిగాక నెలకు అరువది మొదలు నూరు జతల మేజోళ్లు అల్లిరి.

అయితే ఆ స్త్రీలలో అనేకులకు ఆస్ట్రేలియాకు ద్వీపాంతరవాస శిక్ష పడియుండెను. ఓడకు తీసికొనిపోవు ముందటి రాత్రి వారు నిరాశతో చెరసాలలోని సామగ్రి పగులగొట్టెడివారు. సంకెళ్లతో తెరపిబండ్లలో, వీధిజనులు ఎగతాళి చేయుచుండగా వెళ్లెడివారు. 1818లో ఎలిజబెత్ అడిగి, మూసిన బండ్లు ఏర్పాటు చేయించి, తన బండిలో తాను వారి వెంట రేవువరకు వెళ్లెను. శిక్షను తప్పించుట ఆమె వలన కాలేదు. ఉరిశిక్ష పడిన కొందరి కొరకును ఆమె వేడుకొని, ఆ మనవి త్రోసివేయబడుట చూచెను.

కాని ఓడలో నాలుగైదు నెలలు ఏ పనియులేక కూర్చుండుటయే గొప్ప శోధన అని ఆమె గ్రహించెను. గనుక ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క సంచి ఇచ్చిరి: అందులో బైబిలు, సూదులు, దారము, కత్తెర, రెండు పౌనుల రంగుగుడ్డ ముక్కలు. మన ఇండ్లలో పాతచీరలతో బొంత కుట్టిన తల్లులకు ఈ పని ఎట్టిదో మేము వివరింప నక్కరలేదు. ఐదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత ముక్కలను పోగుచేయించిన ప్రభువు ఈ ముక్కలను ఎట్లు చూచియుండునో! కుట్టిన దుప్పటిని అమ్ముకొనిన, పరదేశములో దిగునాటికి చేతిలో కొంత సొమ్ముండును. ఆమెయు సహచారిణులును ఈ రీతిగా వందకు పైగా ఓడలలో సుమారు 12,000 మందిని సాగనంపిరి.

మధ్యలో ఆమె ఇంటికిని దెబ్బ తగిలెను. 1828లో భర్త బ్యాంకు దివాలా తీసెను. క్వేకరు సమాజము అతనిని వెలివేసెను. కొందరు ఆమెనే నిందించిరి. అయినను ఓడల పని ఆగలేదు. 1845 అక్టోబరు 12న రామ్స్‌గేట్‌లో ఆమె ప్రభువునందు నిద్రించెను.

అంతకు నాలుగేండ్ల క్రితము, 1841 ఏప్రిల్‌లో రాజా అను ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో బయలుదేరి, జూలైలో టాస్మేనియా ద్వీపములోని హోబార్ట్ చేరెను. దారిలో కొందరు స్త్రీలు, కెజియా హేటర్ అను యువతి పర్యవేక్షణలో, 2,815 ముక్కలు కలిపి పదడుగులకు మించిన బొంతను కుట్టిరి. తమకు ముక్కలిచ్చిన స్త్రీల సంఘమునకు కృతజ్ఞత తెలుపు మాటలు అంచుదగ్గర దారముతో కుట్టిరి. అది ఇప్పుడు కాన్‌బెర్రా నగరమందలి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రముగా ఉన్నది. కొన్ని కుట్లు సన్నముగా, తిన్నగా ఉన్నవి. కొన్ని నేర్చుకొనుచున్న చేతులవి. కుట్టినవారి పేరు ఒక్కటియు దానిమీద లేదు.