ఇంటింటికీ రంగులు పంచిన రాజా రవివర్మ

మన సరిహద్దు గ్రామాలలోని పాత ఇండ్లలో పూజగూటి ముందు నిలిచినా, ట్రంకుపెట్టె మూత తెరిచినా, కిరాణా అంగడి గల్లాపెట్టె వైపు చూసినా ఒకే పోలికగల లక్ష్మీదేవి, సరస్వతీదేవి దర్శనమిచ్చేవారు. ఇంట తెలుగు మాట్లాడి బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో చదువుకున్న కుటుంబాలకు ఆ బొమ్మల విషయంలో భాషాభేదం ఎన్నడూ అడ్డురాలేదు. ఆ రూపాలను దేశమంతటా వ్యాపింపజేసిన వారు రాజా రవివర్మ. చిత్రకారుడిగా ఆయన కీర్తి అందరూ ఎరిగినదే. అయితే ఆ రంగులను చవక కాగితం మీదికి దింపడానికి ఆయన పడిన పాట్లు, తలకెత్తుకున్న అప్పులు కొద్దిమందికే తెలుసు.

రవివర్మ 1848 ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. బాల్యంలోనే గోడల మీద బొమ్మలు గీస్తున్న ఆ బాలుని ప్రతిభను మేనమామ రాజరాజవర్మ గుర్తించి తొలిపాఠాలు నేర్పారు. తరువాత తిరువనంతపురంలో ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆశ్రయం లభించింది. ఆ రోజులలో తైలవర్ణ చిత్రకళ మన దేశంలో కొత్త విద్య. దాని మెలకువలను తెలిసినవారు ఇతరులకు చెప్పేవారు కారు. 1868లో ఆస్థానానికి వచ్చిన థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు కూడా పాఠం చెప్పడానికి అంగీకరించక, తాను పనిచేస్తుండగా చూడడానికి మాత్రమే అనుమతించాడు. రవివర్మ చూచి నేర్చుకున్నారు. పదేపదే చెరిపి, మళ్ళీ గీసి రంగుల గుణం తెలుసుకున్నారు.

1873లో వియన్నా ప్రదర్శనలో ఆయన చిత్రానికి బహుమతి రావడంతో పేరు దేశాంతరాలకు వ్యాపించింది. సంస్థానాధీశులు తమ మందిరాలకు చిత్రాలు వేయించుకోసాగారు. అయితే రాజమందిరంలోని చిత్రం సామాన్యుని కంట పడే వీలు లేదు. రవివర్మ ఒక్కరే ఎంత శ్రమించినా అడిగిన వారందరికీ చిత్రాలు వ్రాసి ఇవ్వలేరు. 1884లో సర్ టి. మాధవరావు ఒక లేఖలో ఆయనకు ఒక సలహా ఇచ్చారు. ఎంపిక చేసిన చిత్రాలను ఐరోపాకు పంపి రంగులలో అచ్చువేయిస్తే దేశానికి మేలు జరుగుతుందన్నది దాని సారాంశం. ఆ ఆలోచన పదేళ్ళపాటు రవివర్మ మనసులో నిలిచి, 1894లో బొంబాయిలోని గిర్గాంలో సొంత ముద్రణాలయంగా రూపుదాల్చింది. యంత్రాలు జర్మనీ నుండి వచ్చాయి. వాటిని నడిపే నిపుణులు కూడా అక్కడివారే. మొదట వెలువడిన చిత్రం శకుంతల జననం.

ఆ ముద్రణ ఎంత కష్టమో నేటి పిల్లలు తెలుసుకోదగినది. అది రాతి మీది అచ్చు. నూనెకు, నీటికి పొత్తు కుదరదన్న చిన్న సత్యమే దానికి ఆధారం. నునుపైన సున్నపురాతి మీద జిడ్డుగల సుద్దతో బొమ్మ గీసి, రాతిని తడిపి, రంగు పూస్తే జిడ్డున్నచోట మాత్రమే రంగు అంటుకుంటుంది. ఒక రాయి ఒక రంగునే ఇస్తుంది. కాబట్టి పసుపుకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నీలానికి ఒకటి, ఛాయలకు మరికొన్ని చొప్పున ఒకే చిత్రానికి ఎన్నో రాళ్ళు సిద్ధపరచాలి. కాగితం ప్రతి రాతి మీదికీ వెళ్ళాలి. ప్రతిసారీ సరిగ్గా అదే చోట కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా దేవి పెదవి రంగు చెంప మీదికి పోతుంది.

అన్నిటికన్న కష్టమైనది మేనిఛాయ. చిత్రకారుడు పలకమీద నాలుగు రంగులు కలిపి క్షణంలో సాధించిన గోధుమవన్నెను ముద్రాపకుడు ఒక పూతపై మరొక పూత వేసి రాబట్టాలి. ఎరుపు కొంచెం హెచ్చితే ముఖం కందినట్లు, పసుపు హెచ్చితే రోగితో సమానంగా కనిపిస్తుంది. ఒక రంగు ఆరకముందే మరొకటి వేస్తే రెండూ అలుక్కుపోతాయి. తేమకు కాగితం సాగుతుంది గనుక వానాకాలంలో రాళ్ళ పొందిక తప్పే ప్రమాదం మెండు. బంగారు వన్నె మరొక చిక్కు. జిగురు పూత అచ్చువేసి దానిపై లోహపు పొడి చల్లాలి; తక్కిన రంగులలో తడి మిగిలి ఉంటే ఆ పొడి అక్కడా అంటుకుంటుంది.

ఇంత పనికి పెట్టుబడి అపారం. ముద్రణాలయ భారాన్ని ఎక్కువగా మోసినవారు తమ్ముడు సి. రాజరాజవర్మ. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలి, జనం నగరం విడిచిపోసాగారు. 1899లో ముద్రణాలయం లోనావాలా సమీపంలోని మాలవ్లీకి మారింది. అప్పటికే అప్పులు మీదికి వచ్చాయి. చివరకు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో సోదరులు దానిని తమ వద్ద పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు, చిత్రాలు అచ్చువేసే హక్కులతో సహా, అమ్మివేయవలసి వచ్చింది. ప్రజలకు పంచాలని కట్టుకున్న కల ప్రజల ఇండ్లకు చేరుతుండగానే కన్నవారి చేయి దాటిపోయింది.

ష్లైషర్ వ్యాపారం తెలిసినవాడు. దేవతాచిత్రాలతోపాటు సరుకుల లేబుళ్ళు, వ్యాపార ప్రకటనలు కూడా అచ్చువేయించాడు. రవివర్మ బొమ్మలు అగ్గిపెట్టెల మీదికి, బట్టల తానులకు అంటించే చీటీల మీదికి ఎక్కాయి. గోడపటం కంటె లేబుల్ అచ్చు సులభమనుకోవడం పొరపాటు. బొమ్మ చిన్నది, కాగితం నాసి, ధర స్వల్పం. కనుక రాళ్ళ సంఖ్య తగ్గించక తప్పదు. రాళ్ళు తగ్గితే ఛాయలు తగ్గుతాయి. ఒకే దేవి పటంలో సౌమ్యంగా, పెట్టె మీద ముదురుగా కనిపించడానికి కారణం ఇదే. అచ్చుబొమ్మల వల్ల కళ చౌకబారిందని తరువాతి కాలపు విమర్శకులు రవివర్మను తప్పుపట్టారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. కాని గుడిలోనికి రానివ్వని కులాలవారి ఇంటికి సైతం దేవుని బొమ్మ నడిచివచ్చినది ఆ అచ్చుల వల్లనే అన్నదీ అంతే నిజం.

ఆ ముద్రణాలయానికి ఫొటోలిథో పని చేసిపెట్టినవారిలో దాదాసాహెబ్ ఫాల్కే ఒకరు. ఆయనే 1913లో రాజా హరిశ్చంద్ర చిత్రం తీసి భారతీయ చలనచిత్రానికి ఆద్యుడయ్యారు.

1905లో తమ్ముని మరణం రవివర్మను కుంగదీసింది. అయినా మైసూరు ఆస్థానం కోరిన పౌరాణిక చిత్రాల పని విడిచిపెట్టలేదు. 1906 అక్టోబరు 2వ తేదీన ఆయన కన్నుమూశారు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆయన చిత్రాలను దర్శించిన కర్ణాటక సరిహద్దు వాసులు మనలో అనేకులు ఉన్నారు. మాలవ్లీ ముద్రణాలయం 1972లో అగ్నికి ఆహుతి కాగా ఎన్నో అచ్చుచిత్రాలు నశించాయి.

మీ ఇంట తాతల నాటి పటమో, పాత అగ్గిపెట్టె లేబులో ఉంటే పారవేయకండి. పిల్లల చేతికి భూతద్దం ఇచ్చి, రంగు గీతను దాటిన అంచును చూపించండి. ఆ చిన్న అంచులో ఒక మహాచిత్రకారుని ఆశ, ఒక తమ్ముని శ్రమ, పేరు తెలియని ఎందరో అచ్చు కార్మికుల చెమట దాగి ఉన్నాయి.