ఉస్మానియాలో తెలుగు బోధన: రాయప్రోలువారి ఆరంభము

నవ్యకవితా ప్రవర్తకులలో ఒకరైన రాయప్రోలు సుబ్బారావుగారు 1892లో గుంటూరు మండలమున జన్మించిరి. మేనమామ అవ్వారి సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కడ సాహిత్యము నభ్యసించి, కొంతకాలము శాంతినికేతనమున వసించిరి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు శాఖకు తొలి అధ్యక్షులైరి. సికిందరాబాదు రెజిమెంటల్ బజారు మొదలు మారుమూల పల్లెల వరకు తెలుగు వినవచ్చుచున్నను, విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. పాఠశాలలో క్రొత్త గురువునకు పూర్వగురువుల మార్గ మాధారము. వీరికి ముందు నడచినవారు లేరు. పాఠము చెప్పుటయే కాక, ఉన్నతవిద్యలో తెలుగునకు చోటు కల్పించు భారమును వీరిదే. అచ్చట చిరకాలము బోధించి, పిదప తిరుపతిలో 1954న స్థాపితమైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్యులై, పెద్దవయసున మరల క్రొత్తచోట పాఠ మారంభించిరి. 1984లో దివంగతులైరి. వారి కావ్యములను స్మరించు మనము, ఈ నిర్మాణమును సైతము వారి కృతులలో లెక్కింపవలెను.