కొడుకు సైకిల్ కోసం టైరు చేసిన పశువుల డాక్టరు



పెద్దమందడి నుంచి వచ్చే మా ఏడో తరగతి అబ్బాయి ఒకడు గత నెల నన్ను ఇరుకున పెట్టాడు. వాళ్ల నాన్న బండి పంక్చరైతే హైవే మీది షాపు దాకా ఇద్దరూ తోసుకుంటూ వెళ్లారట. పెట్రోలు కాలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుందని పాఠంలో ఉంది కదా, సైలెన్సర్ నుంచి ఊరికే పోయే ఆ గ్యాసునే టైరులో నింపుకోవచ్చు కదా అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికెళ్లి వెతుకుతుంటే, అసలు టైరులో గాలి నింపిన మనిషి కథ దగ్గర ఆగిపోయాను.

ఆయన పేరు జాన్ బాయిడ్ డన్లప్. 1840లో స్కాట్లాండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్లో పుట్టాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివాడు. కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలి కాదు, వేరే వాయువు అని 1750లలో తేల్చిన జోసెఫ్ బ్లాక్ పాఠాలు చెప్పిన ఊరు కూడా అదే. తర్వాత డన్లప్ ఐర్లాండ్ వెళ్లి, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా స్థిరపడ్డాడు.

కొడుకు జానీకి మూడు చక్రాల సైకిల్ ఉండేది. అప్పటి టైర్లు గట్టి రబ్బరువి. రాళ్లు పరిచిన వీధుల్లో పిల్లవాడి ఒళ్లు కుదిలిపోయేది. 1887లో డన్లప్ పలచని రబ్బరు షీటుతో గొట్టం చేసి, ఒక చెక్క చక్రానికి బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. ఆ చక్రాన్నీ, జానీ సైకిల్ చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. సైకిల్ చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలి చక్రం మాత్రం పెరడు దాటి అవతలి చివరకు తగిలింది. పరీక్ష అంతే! మన ల్యాబుల్లో ఇంత ఖర్చు లేని ప్రయోగం చూడలేదు నేను.

1888లో పేటెంట్ వచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో విల్లీ హ్యూమ్ అనే సైకిల్ రేసర్ ఈ టైర్లతో బెల్‌ఫాస్ట్‌లో పందేలు గెలిచాడు. అంతవరకు లావు టైర్లని నవ్వినవాళ్లే వాటి కోసం వచ్చారు.

అయితే ఆ పేటెంట్ నిలవలేదు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండ్ ఆయన 1845లోనే గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడని తర్వాత బయటపడింది. అప్పట్లో సైకిళ్లు లేవు, ఆ టైరు ఎవరికీ పట్టలేదు. డన్లప్‌కు ఆ సంగతి తెలియదు. 1890ల మధ్యలో ఆయన కంపెనీలో తన వాటా వదులుకున్నాడు. ఆ పేరుతో ప్రపంచమంతా టైర్లు అమ్ముడుపోయాయి, పెద్ద సంపద మాత్రం ఆయనకు దక్కలేదు. 1921లో డబ్లిన్‌లో కన్నుమూశాడు.

ఇక మా అబ్బాయి ప్రశ్న. సైలెన్సర్ పొగలో ఎక్కువ భాగం నైట్రోజనే. దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కాస్త విషవాయువు ఉంటాయి. వేడి సరే, టైరుకు కావలసిన ఒత్తిడి కూడా అందులో ఉండదు. శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం సైకిల్ రేసర్లు నిజంగానే వాడతారు. బొటనవేలంత సిలిండర్ జేబులో పెట్టుకుంటే క్షణాల్లో టైరు నిండుతుంది. కానీ ఆ వాయువు రబ్బరులో కరిగి మెల్లగా బయటికి పోతుంది, ఒకటి రెండు రోజుల్లో టైరు మెత్తబడుతుంది. ఇంటికి చేరాక మళ్లీ మామూలు గాలే కొట్టుకోవాలి.

ఇదంతా చెప్పాక వాడు ఇంకో ప్రశ్న అడిగాడు: మరి రబ్బరులో కరగని గ్యాసు ఏదైనా ఉందా అని. ఈసారి చిన్న ట్యూబు ముక్క తెచ్చుకుంటానన్నాడు. ఇంట్లో పాత సైకిల్ ట్యూబులుంటే పారేయకుండా పంపించగలరు.